ఇంజిన్ లోపమా, పాయింట్ లోపమా: ముందు కొలవండి, తర్వాత మాట్లాడండి

మీరు రాసినదాన్ని ఒకసారి నా మాటల్లో చెబుతాను. హెచ్‌ఓ స్కేలు మోడల్ రైలు, నాలుగు ఇరుసుల డీజిల్ ఇంజిన్, లోపల డీసీసీ డీకోడర్ (పట్టాల ద్వారా వచ్చే కంట్రోలర్ ఆదేశాలను అందుకునే చిన్న సర్క్యూట్). ఇంట్లో గుండ్రటి ట్రాక్ మీద "టక్, టక్" మనే చిన్న చప్పుడు తప్ప బాగానే తిరుగుతోంది. స్నేహితులంతా కలిసి కట్టుకున్న పెద్ద లేఅవుట్ (పట్టాలు పరిచిన ఏర్పాటు) మీద మాత్రం తడబడుతోంది, ఒక పాయింట్ (రైలును ఒక దారి నుంచి ఇంకో దారికి మళ్ళించే చోటు) దగ్గర ముందు బోగీ, అంటే ఇంజిన్ కింద చక్రాలను మోసే చట్రం, పదే పదే పట్టాలు తప్పుతోంది. అక్కడ ఒకరు అందరి ముందూ "చవక ఇంజిన్ కొంటే ఇంతే" అన్నారు. మీరు "మీ పాయింటే వంకర" అన్నారు. ఇంకొకరు అడగకుండా ఇంజిన్‌ను చేతిలోకి తీసుకుంటే పక్క రెయిలింగ్ విరిగింది. ఇంజిన్‌ను ఎలా బాగుచేసుకోవాలి, మళ్ళీ అక్కడికి ఏ ముఖంతో వెళ్ళాలి అన్నవి మీ రెండు ప్రశ్నలు.

రెండింటికీ మూలం ఒకటే అనిపిస్తోంది. అక్కడ ఎవరూ ఏదీ కొలవలేదు. ఆడలేక మద్దెల ఓడు అన్నారని వాళ్ళు మిమ్మల్ని అనుకున్నారు, మీరు వాళ్ళను అనుకున్నారు. చేతిలో సన్నని దూరాలు కొలిచే ఒక కాలిపర్, చక్రాల, పట్టాల కొలతలు సరిచూసే ఒక గేజ్ పలక ఉండి ఉంటే ఆ సంభాషణ వేరేలా నడిచేది. కాబట్టి ముందు ఇంజిన్ సంగతి వివరంగా చూద్దాం. మనుషుల సంగతి దానిలోంచే వస్తుంది.

తప్పు ఎక్కడుందో తేల్చే పద్ధతి చాలా సులువు. మీ ఇంజిన్‌ను ఆ పాయింట్ మీదుగా నెమ్మదిగా పదిసార్లు అటు, పదిసార్లు ఇటు నడపాలి. తర్వాత అదే చోట వేరొకరి ఇంజిన్లు రెండింటిని అలాగే నడపాలి. ఎన్నిసార్లు దిగిందో, ఏ దిశలో, ఏ చక్రం ముందు దిగిందో కాగితం మీద రాయాలి. అన్ని ఇంజిన్లూ అక్కడే తడబడితే లోపం పాయింట్‌ది. మీది ఒక్కటే అన్ని పాయింట్ల దగ్గరా దిగితే లోపం ఇంజిన్‌ది. మీ ఇంజిన్ ఒక్కటే, ఆ పాయింట్ ఒక్కదాని దగ్గరే దిగితే రెండింటిలోనూ కొంచెం కొంచెం తేడా ఉందన్నమాట. గొడవలన్నీ ఈ మూడో రకంలోనే పుడతాయి, ఎందుకంటే ఇద్దరి మాటా సగం నిజం. ఇంజిన్‌లో ఒక పావు మిల్లీమీటరు, పాయింట్‌లో ఒక పావు మిల్లీమీటరు. విడివిడిగా రెండూ పనిచేస్తాయి, కలిసినప్పుడు చక్రం దిగుతుంది.

మీ ఇంట్లో ఉన్నది గుండ్రటి ట్రాక్ మాత్రమే, పాయింట్ ఒక్కటీ లేదు. ఈ ఒక్క సంగతి చాలా చెబుతోంది. చక్రాల మధ్య దూరంలో తేడా ఉన్నా మామూలు వంపు మీద బయటపడదు. పాయింట్‌లో రెండు దారుల పట్టాలు ఒకదాన్నొకటి దాటే ఫ్రాగ్, దాని ఎదుట చక్రాన్ని అదుపులో ఉంచే చెక్ రైలు ఉన్న చోటే అది పట్టుబడుతుంది. పైగా మీరు "టక్, టక్" చప్పుడు అన్నారు. ఈ రెండింటినీ కలిపి చూస్తే నా మొదటి అనుమానం ఇరుసు మీది ప్లాస్టిక్ గేరు పగిలిందని. చప్పుడుకీ, తడబాటుకీ, పట్టాలు తప్పడానికీ అదొక్కటే కారణం కావచ్చు.

ఎలాగో చెబుతాను. చాలా డీజిల్ మోడళ్ళలో ఇరుసు ఒకే ముక్కగా ఉండదు. మధ్యలో గొట్టం లాంటి ప్లాస్టిక్ గేరు ఉంటుంది. రెండు వైపులనుంచీ చక్రాల తాలూకు సగం ఇరుసులు దానిలోకి బిగువుగా దిగి ఉంటాయి. ఆ బిగువు వల్ల ప్లాస్టిక్ ఎప్పుడూ సాగదీసినట్టే ఉంటుంది. కొన్నేళ్ళకు గొట్టం పొడవునా సన్నని చీలిక వస్తుంది. ఇంజిన్ నడిపినా, పెట్టెలోనే ఉంచినా వస్తుంది. చీలిక వచ్చిన చోట రెండు పళ్ళ మధ్య దూరం కొంచెం పెరుగుతుంది. పక్క గేరు పన్ను అక్కడికి వచ్చిన ప్రతిసారీ సరిగ్గా కూర్చోక గెంతుతుంది, అదే ఆ టక్కుమనే చప్పుడు, నెమ్మదిగా పోయేటప్పుడు కనిపించే కుదుపు. ఇక చీలిన గొట్టానికి పట్టు ఉండదు కాబట్టి సగం ఇరుసులు లోపలికో బయటికో జరుగుతాయి. చక్రాల మధ్య దూరం మారిపోతుంది. పాయింట్ దగ్గర దిగడం అక్కడినుంచి మొదలవుతుంది.

విప్పకుండానే దీన్ని పరీక్షించవచ్చు. ఇంజిన్‌ను అతి తక్కువ వేగంలో తిన్నని ట్రాక్ మీద నడిపి, చప్పుడు వచ్చిన ప్రతి చోటా పట్టా పక్కన పెన్సిల్‌తో చిన్న గీత పెట్టండి. అసలు ఇంజిన్‌లో 40 అంగుళాల చక్రం అయితే హెచ్‌ఓలో, అంటే 1:87లో, దాని వ్యాసం సుమారు 11.7 మి.మీ., చుట్టుకొలత సుమారు 37 మి.మీ. గీతల మధ్య దూరం దాదాపు 37 మి.మీ. వస్తే చక్రం ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ఒకసారి గెంతుతోందని అర్థం. ఇరుసు గేరు పగలడమో, చక్రం మీద ఏదైనా అంటుకోవడమో అయి ఉండాలి. మీ చక్రం వ్యాసం వేరైతే దాన్ని 3.14తో గుణించి చూసుకోండి. చప్పుడు అంతకంటే చాలా దగ్గర దగ్గరగా వస్తే మధ్య గేరునో, మోటారు వైపునో చూడాలి.

ఇప్పుడు విప్పడం.  ఇంజిన్‌ను మెత్తటి స్పాంజి గాడిలో వెల్లకిలా పడుకోబెట్టండి. గట్టి బల్ల మీద తలకిందులుగా పెడితే పైనున్న హారన్లూ రెయిలింగులూ విరుగుతాయి. బోగీ అడుగు మూతను పట్టి ఉంచే కొక్కేలను చెక్కతోనో ప్లాస్టిక్‌తోనో చేసిన పలచని పుల్లతో ఎత్తండి. లోహపు స్క్రూ డ్రైవర్ మొన పెడితే కొక్కెం తెగుతుంది. తీసే ముందు ఒక ఫోటో, తీశాక ఒక ఫోటో. ఏ ఇరుసు ఎక్కడ, ఎటువైపు తిరిగి ఉందో గుర్తు పెట్టుకోండి. కొన్ని మోడళ్ళలో ఒక చక్రానికే ఇన్సులేషన్ ఉంటుంది, తిప్పి పెడితే షార్ట్ అవుతుంది. రబ్బరు టైరు ఉన్న ఇరుసునైతే ఉన్న చోటే పెట్టాలి.

గేరును భూతద్దం కింద పెట్టి పళ్ళ మధ్య లోయలు చూడండి. వేళ్ళతో రెండు చక్రాలనూ ఎదురెదురుగా మెలిపెట్టండి. కొంచెమైనా జారితే పగిలినట్టే. జిగురుతో అతికించాలని చూడకండి. ఈ గేర్లు ఎక్కువగా ఎసిటాల్‌తోనో నైలాన్‌తోనో చేస్తారు, వాటిని ఏ జిగురూ గట్టిగా పట్టుకోదు. ఒకవేళ పట్టుకున్నా పళ్ళ ఎడం సరిపోదు. కొత్త గేరే వేయాలి. కొనే ముందు పళ్ళ లెక్క, బయటి వ్యాసం, ఇరుసు మందం, గొట్టం పొడవు నాలుగూ కాలిపర్‌తో కొలిచి రాసుకోండి. ఒకటి పగిలిందంటే మిగతా మూడూ అదే వయసువి, అదే అచ్చులోవి, కాబట్టి నాలుగూ ఒకేసారి మార్చడం మంచిది.

సగం ఇరుసును కొత్త గేరులోకి దించేటప్పుడు సుత్తి వాడవద్దు. వేళ్ళతో తిప్పుతూ నెడుతూ తిన్నగా దించండి. రెండు సగాల కొనలూ లోపల ఒకదానికొకటి తగలకూడదు, కనీసం అర మిల్లీమీటరు ఖాళీ ఉండాలి. తగిలితే ఎడమ పట్టా, కుడి పట్టా కలిసిపోయి ట్రాక్ మీద పెట్టగానే షార్ట్. గేరు రెండు చక్రాలకీ సరిగ్గా మధ్యలో ఉందో లేదో కూడా చూసుకోండి, ఒక పక్కకు జరిగితే గేరు పెట్టె గోడకు రాసుకుంటుంది.

ఆ తర్వాత అసలు కొలత: రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం. హెచ్‌ఓలో ఇది 14.4 మి.మీ. దగ్గర ఉండాలి. ఒక చోట కొలిచి వదిలేయకండి, చక్రాన్ని మూడోవంతు మూడోవంతు తిప్పుతూ మూడు చోట్ల కొలవండి. మూడు కొలతలూ వేరువేరుగా వస్తే చక్రం ఇరుసు మీద వంకరగా కూర్చుందని. ఈ దూరం ఎక్కువైతే ఏమవుతుందంటే, చెక్ రైలు ఒక చక్రాన్ని తనవైపు లాగి పట్టుకున్నా అవతలి చక్రం అంచు ఫ్రాగ్ ముక్కుకు కొట్టుకుంటుంది, తప్పుదారిలోకి ఎక్కుతుంది. తక్కువైతే రెండు చక్రాల వెనక ముఖాలూ చెక్ రైలుకీ, ఫ్రాగ్ పక్కన ఉండే వింగ్ రైలుకీ మధ్య ఇరుక్కుని బోగీ పైకి లేస్తుంది. కాబట్టి దిగిన తీరు చూస్తేనే చాలావరకు తెలుస్తుంది. ముక్కుకు కొట్టుకుని పక్కకు పోతే దూరం ఎక్కువ, ఇరుక్కుని గెంతితే తక్కువ.

చక్రాలు సరిగ్గా ఉన్నా బోగీ దిగుతుంటే ఇంకా కొన్ని చూడాలి. బోగీ అటూ ఇటూ స్వేచ్ఛగా తిరుగుతోందా, లేక లోపలి తీగలు బిరుసుగా ఉండి వెనక్కి లాగుతున్నాయా? ఇంజిన్‌ను అద్దం పలక మీద నిలబెట్టి ఒక్కో చక్రం కింద పలచని కాగితం ముక్క తోసి చూడండి. ప్రతి చక్రమూ కాగితాన్ని పట్టుకోవాలి. వదులుగా దూరిపోయిన చోట ఆ చక్రం గాల్లో ఉన్నట్టే, అది పట్టాలు తప్పుతుంది, కరెంటు కూడా తీసుకోదు. పెట్టెలను తగిలించే కప్లర్ కింద వేలాడే వంకర పిన్ను పట్టాల తలకంటే సుమారు 0.8 మి.మీ. ఎత్తులో ఉండాలి, కప్లర్ మధ్యభాగం పట్టాల తలనుంచి సుమారు 9.9 మి.మీ. ఎత్తులో ఉండాలి. పిన్ను కిందికి దిగి ఫ్రాగ్‌కు తగులుతూ ఉంటే, చక్రాల మీద ఎంత పని చేసినా ప్రయోజనం ఉండదు. కప్లర్ ఎత్తు గేజ్ ఒకటి దగ్గర ఉంటే ఈ రెండూ క్షణంలో తేలతాయి.

తడబాటు సంగతికి వద్దాం. గేరు మార్చాక కుదుపు పోయి, ఇంకా అక్కడక్కడా ఆగుతుంటే అది కరెంటు అందకపోవడమే. ముందు చక్రాలు శుభ్రం చేయండి. టిష్యూ కాగితాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి పట్టాలకు అడ్డంగా పరిచి, ఒక బోగీని దాని మీద, రెండోదాన్ని ఖాళీ పట్టాల మీద పెట్టి, ఇంజిన్‌ను చేత్తో పట్టుకుని పది పదిహేను సెకన్లు తిప్పండి. కాగితం మీద నల్లటి గీతలు పడతాయి. గీతలు రావడం మానేదాకా చేసి, రెండో బోగీకీ అదే చేయండి. ఆల్కహాల్ ఇంజిన్ ఒంటి రంగు మీద పడితే కొన్ని రంగులు లేస్తాయి, జాగ్రత్త. మురికి వదల్లేదని గరుకు కాగితంతో రుద్దడం మాత్రం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. చక్రం మీద, పట్టా మీద సన్నని గాట్లు పడి, మురికి ఆ గాట్లలో ఇంకా త్వరగా చేరుతుంది.

శుభ్రం చేసినా ఆగుతుంటే డీకోడర్‌ను సాకెట్‌నుంచి తీసి, మల్టీమీటర్‌ను ఓం మీద పెట్టి, ఒక్కో చక్రం నుంచి సాకెట్‌కు వచ్చే తీగదాకా కొలవండి. కుడి పట్టా చక్రాలు ఎరుపు తీగకు, ఎడమ పట్టా చక్రాలు నలుపు తీగకు చేరాలి. ఒకటి రెండు ఓములకు మించకూడదు, చక్రాన్ని వేలితో తిప్పుతున్నా రీడింగ్ ఎగరకూడదు. ఎగిరిన చక్రం దగ్గర, దాన్నుంచి కరెంటు తీసుకునే రాగి పత్తీ వంగిపోయి ఉంటుంది, లేదా కింద నల్లగా ఆక్సైడ్ పట్టి ఉంటుంది. పత్తీని చాలా కొద్దిగా వంచండి. ఎక్కువ ఒత్తితే అది బ్రేకులా పనిచేస్తుంది. ప్లాస్టిక్ క్లిప్పులతో పట్టిన తీగలుంటే తీసి టంకం వేయడం మేలు, రోసిన్ ఫ్లక్స్ మాత్రమే వాడాలి. ఆసిడ్ ఫ్లక్స్ తీగను కొన్ని నెలల్లో తినేస్తుంది. రబ్బరు టైరు ఉన్న చక్రం కరెంటు తీసుకోదని కూడా లెక్కలో పెట్టుకోండి. ఎనిమిది చక్రాల ఇంజిన్‌లో రెండిటికి టైర్లుంటే మిగిలినవి ఆరే.

మోటారు గురించి క్లుప్తంగా చెబుతాను. డీకోడర్ తీసేసి మోటారు తీగలను నేరుగా 12 వోల్టుల డీసీకి కలిపి అమ్మీటర్ చూడండి. కొత్త తరం మూసిన మోటారు భారం లేకుండా తిరిగేటప్పుడు చాలా తక్కువ కరెంటు తీసుకోవాలి. అది పెరుగుతూ, మోటారు వేడెక్కుతూ, బలం తగ్గుతుంటే కమ్యుటేటర్ (మోటారు లోపల తిరుగుతూ కరెంటు అందుకునే రాగి భాగం) మీద నూనె, కార్బన్ పొడి కలిసిన ముద్ద చేరి ఉండొచ్చు. పాత తెరిచిన మోటారైతే అయస్కాంతం బలహీనపడి ఉండొచ్చు. కమ్యుటేటర్‌ను ఆల్కహాల్‌తో తడిపిన ఇయర్ బడ్‌తో తుడిచి, రాగి ముక్కల మధ్య సందులను చెక్క పుల్ల మొనతో శుభ్రం చేయాలి. ఈ ముద్ద చేరడానికి సాధారణ కారణం ఎక్కువ నూనె. మోటారు బేరింగుకు సూది మొన మీద నిలిచేంత నూనె చాలు. గేర్లకు ప్లాస్టిక్‌కు పనికొచ్చే గ్రీజు అగ్గిపుల్ల తలలో సగమంత. మామూలు స్ప్రే నూనెలు వద్దు. కొన్ని ప్లాస్టిక్‌లను పెళుసుగా మారుస్తాయి, అన్ని చోట్లకూ పాకి చివరికి చక్రాల మీదికీ చేరతాయి.

దిగుడు వాలులో ఇంజిన్ కుందేలులా గెంతుతూ పోతే మోటారు తిప్పే, మర లాంటి వార్మ్ గేరు ముందుకూ వెనక్కూ ఊగుతోందని. 0.1 నుంచి 0.2 మి.మీ. పలచని వాషర్లు వేసి ఆ ఊపును తగ్గించాలి, పూర్తిగా బిగించకూడదు. ఇక చట్రం లోహం ఉబ్బి, వెంట్రుకవాసి పగుళ్ళు వచ్చి, ఒంటి ప్లాస్టిక్‌ను బయటికి నెడుతుంటే అది జింకు మిశ్రమానికి పట్టే చీడ. పోతపోసేటప్పుడు కలిసిన సీసం, తగరం వంటి మలినాల వల్ల వస్తుంది. దానికి మందు లేదు. చట్రం మార్చడమే.

డీసీసీ సెట్టింగుల్లో కూడా ఆ లేఅవుట్ మీద మాత్రమే కనిపించే తేడాలుంటాయి. కొత్త డీకోడర్లు దాదాపు అన్నీ చిరునామా (ఇంజిన్‌ను పిలిచే నంబరు) 3తోనే వస్తాయి. మీరు మార్చకుండా వెళ్తే 3 మీదే ఉన్న వేరొకరి ఇంజిన్ కూడా మీ కంట్రోలర్‌కు కదులుతుంది. చాలామందికి చిరాకు తెప్పించే సంగతి ఇది. మీ ఇంజిన్ సొంత చిరునామాకు పలకకపోతే సీవీ (డీకోడర్‌లో ఒక్కో సెట్టింగు) 19లో, ఇంజిన్లను జంటగా నడిపినప్పటి పాత నంబరు ఏదైనా మిగిలి ఉందేమో చూసి 0 రాయండి. స్పీడు మారినప్పుడల్లా ముందు లైటు ఆరి వెలుగుతుంటే కంట్రోలర్ 28 వేగపు మెట్లలో, డీకోడర్ 14 వేగపు మెట్లలో ఉందని, సీవీ 29 సరిచేయాలి. మురికి పట్టాల మీదో, షార్ట్ తర్వాతో ఇంజిన్ ఒక్కసారిగా పూర్తి వేగంతో దూసుకుపోతే డీకోడర్ దాన్ని మామూలు డీసీ అనుకుంటోంది. సీవీ 29లో మామూలు డీసీ మీద నడవనిచ్చే అనలాగ్ బిట్‌ను ఆపేయండి: చిన్న చిరునామా అయితే 6 బదులు 2, పెద్ద చిరునామా అయితే 38 బదులు 34. ఏం మార్చినా పాత విలువ ముందు కాగితం మీద రాయండి. అన్నీ కలగాపులగమైతే చాలా కంపెనీల డీకోడర్లలో సీవీ 8కి 8 రాస్తే మొదటి స్థితికి వస్తుంది, అయినా మాన్యువల్ చూసుకునే చేయాలి.

ఇక విరిగిన రెయిలింగ్. అది మెత్తగా వంగే రకం అయితే బహుశా ఎసిటాల్, సూపర్ గ్లూ పట్టదు. విరిగిన ముక్కంత 0.3 లేక 0.4 మి.మీ. ఇత్తడి తీగను పాత రెయిలింగ్ ఆకారంలో వంచి, ఇంజిన్ ఒంటికి 0.4 లేక 0.5 మి.మీ. రంధ్రం చేసి లోపలివైపునుంచి అతికించండి. కిటికీ అద్దాల దగ్గర సూపర్ గ్లూ వద్దు, దాని ఆవిరి అద్దాలను తెల్లగా మసకబారుస్తుంది. అక్కడ తెల్ల జిగురు వాడాలి.

ఇప్పుడు మనుషుల సంగతి. పైన చెప్పిన కొలతలు ఎక్కడినుంచి వచ్చాయో గుర్తుచేసుకుంటే ఈ భాగం తేలికవుతుంది. 1935లో అమెరికాలో నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ ఏర్పడింది ప్రధానంగా ఇందుకే. ఒక తయారీదారు రైలు పెట్టెను ఇంకొకరి ఇంజిన్‌కు తగిలించడం కుదిరేది కాదు, ఒకరి చక్రం ఇంకొకరి పట్టా మీద నడిచేది కాదు. చక్రాల ఎడం, పట్టాల ఎడం, ఫ్రాగ్ సందు ఒకే గేజ్ పలకతో చూసుకోగలిగే ఏర్పాటు అలా వచ్చింది. మీ ఇంజిన్ మీదీ, వాళ్ళ పాయింట్ మీదీ అదే పలక పెడితే ఎవరి అభిప్రాయమూ అవసరం లేదు.

దీనిలోంచి నేను పాటించమనే గీత ఒకటుంది. నడకకు సంబంధించిన లోపాలు అందరివి, రూపానికి సంబంధించినవి యజమానివి. మీ చక్రం తేడాగా ఉండి షార్ట్ చేస్తే ఆ భాగంలో ఉన్న అందరి రైళ్ళూ ఆగిపోతాయి, కాబట్టి దాని గురించి ఎవరైనా మీకు చెప్పవచ్చు. మీరు వినాలి. కానీ ఇంజిన్ రంగు ఛాయ సరికాదు, నంబరు ఆ కాలంది కాదు, ఇంజిన్‌కు ఎక్కే మెట్ల సంఖ్య తప్పు అనేవి అడిగితేనే చెప్పాల్సినవి. అడిగినప్పుడు కూడా అసలు ఇంజిన్ ఫోటో చూపించి చెబితే ఉపకారం, నోటిమాటగా చెబితే విమర్శ. అతి చిన్న వివరాలు కూడా పట్టిచూసే కొందరిని రివెట్లు లెక్కపెట్టేవాళ్ళని ఎగతాళి చేస్తుంటారు, అదీ నాకు నచ్చదు. వాళ్ళలో చాలామంది దగ్గర మరెక్కడా దొరకని సమాచారం ఉంటుంది.

మీ విషయంలో మొదటి పని "మీ పాయింటే వంకర" అన్న మాటను వెనక్కి తీసుకోవడం. అది నిజమే కావచ్చు, కానీ కొలవకుండా అన్నారు. లేఅవుట్ బాధ్యత చూసేవారితో విడిగా, నలుగురి ముందు కాకుండా, ఇలా చెప్పవచ్చు: "ఆరోజు తొందరపడి మాట్లాడానండి. ఇంటికెళ్ళి చూస్తే ముందు ఇరుసు గేరు పగిలి ఉంది, చక్రాలు 14.7 దగ్గర ఉన్నాయి. మార్చాను, ఇప్పుడు 14.4. వీలున్నప్పుడు మీ పాయింట్ మీద ఒకసారి పరీక్షించుకోవచ్చా?" ఇక్కడ 14.7 అన్నది ఉదాహరణకే, మీ కాలిపర్ చూపినదే చెప్పండి. నంబరు చెబితే వాదన ఉండదు, ఎదుటివాళ్ళూ తమ కాలిపర్ తీస్తారు.

"చవక ఇంజిన్" అన్నవారితో ఎదురు వాదన పెట్టుకోవద్దు. అలా మాట్లాడే చాలామందికి పని బాగా వచ్చి ఉంటుంది, మాట తీరే గరుకు. ఆయనకు ఖచ్చితమైన ప్రశ్న ఒకటి వేయండి: "మీ ఇంజిన్లలో గేర్లు మార్చినప్పుడు ఇరుసు బిగువుగా ఉంటే రంధ్రాన్ని పెద్దది చేశారా, అలాగే నెట్టారా?" సాధారణంగా మనిషి మారిపోతారు. అయినా నలుగురిలో చిన్నబుచ్చడం మానకపోతే, ఒంటరిగా ఉన్నప్పుడు సూటిగా చెప్పండి: "లోపం ఉంటే తప్పకుండా చెప్పండి, కానీ నాకు చెప్పండి, అందరికీ కాదు." అంతకు మించి సాగదీయనక్కర్లేదు.

రెయిలింగ్ విరిచినవారు బహుశా సాయం చేద్దామనే తీసుకున్నారు. నష్టపరిహారం అడగడం కంటే, మీరే ముందునుంచీ ఒక అలవాటు పెట్టండి. వేరొకరి ఇంజిన్ పట్టాలు తప్పితే ముందు రైలు ఆపాలి, తర్వాత యజమానిని పిలవాలి. యజమాని లేకపోతే రెండు చేతులతో, ఇంధన ట్యాంకు, పైకప్పు ఉన్న బలమైన చోట పట్టుకుని ఎత్తాలి, పక్కల పట్టుకోకూడదు. కప్లర్ పట్టుకుని ఈడ్చకూడదు. మీ ఇంజిన్‌కు పట్టుకోవాల్సిన చోటు ఏదో మీరే చూపించి చెప్పండి, జనం సంతోషంగా పాటిస్తారు.

వేరొకరి లేఅవుట్ మీద లోపం కనబడితే మీరే ఆకురాయి తీయకండి. అసలు రైల్వేల్లో పాడైన పెట్టెకు చీటీ కట్టి పక్కన పెట్టే పద్ధతి చాలా లేఅవుట్లలో కూడా ఉంది. చిన్న చీటీ మీద చోటు, దిశ, ఏ పెట్టె, ఎన్నిసార్లు దిగింది అని రాసి యజమానికి ఇవ్వండి. "ట్రాక్ బాగోలేదు" అంటే ఆయనకు ఏమీ తెలియదు. "రెండో యార్డు పాయింట్, ఫ్రాగ్ వైపునుంచి వచ్చేటప్పుడు, మూడు ఇంజిన్లలో రెండు, ముందు ఎడమ చక్రం" అంటే సగం పని అయిపోయినట్టే.

మరొకరి ఇంజిన్‌ను బాగుచేస్తానని తీసుకుంటే హద్దు ముందే మాట్లాడుకోండి. ఏం చేయబోతున్నారు, విడిభాగాల ఖర్చు ఎవరిది, పాడైతే ఏమిటి, ఈ మూడూ తేలాకే స్క్రూ తిప్పాలి. అడగని మెరుగులు దిద్దవద్దు, సీవీలు కూడా మార్చవద్దు. తీసిన పాత గేర్లూ స్క్రూలూ చిన్న సంచిలో పెట్టి తిరిగి ఇవ్వండి. మీ ఇంజిన్‌ను ఎవరికైనా అమ్మేటప్పుడు గేర్లు మార్చిన సంగతి దాచవద్దు, నిజానికి అది దాని విలువ పెంచుతుంది.

మళ్ళీ అక్కడికి వెళ్ళేముందు పావుగంట పని. నాలుగు ఇరుసుల కొలతలు, కప్లర్ ఎత్తు, చక్రాల శుభ్రత, ఎవరితోనూ కలవని చిరునామా చూసుకోండి. ఒక చీటీ మీద చిరునామా రాసి కంట్రోలర్ల దగ్గర పెట్టండి. మొదట ఇంజిన్ ఒక్కటే ఆ పాయింట్ మీదుగా పదిసార్లు అటూ ఇటూ నెమ్మదిగా, తర్వాత మధ్య వేగంలో. తర్వాత అయిదు పెట్టెలు తగిలించి లాగుతూ, చివరగా అవే పెట్టెలను వెనక్కి నెడుతూ నడపండి. నెట్టేటప్పుడు బయటపడే లోపాలు లాగేటప్పుడు కనబడవు.

అప్పటికీ ముందు చక్రం ఫ్రాగ్ ముక్కుకే కొట్టుకుంటే, ఇప్పుడు పాయింట్‌ను కొలవమని లేఅవుట్ బాధ్యత చూసేవారిని అడగడం న్యాయమే. గేజ్ పలకను ఫ్రాగ్, చెక్ రైలు దగ్గర పెడితే తెలిసిపోతుంది. చెక్ రైలు సందు వెడల్పుగా ఉంటే, చక్రం వెనక ముఖం రాసుకునే వైపు 0.25 మి.మీ. పలచని ప్లాస్టిక్ పట్టీ అతికిస్తే సరిపోతుంది. పట్టీ కొనలను కొంచెం ఏటవాలుగా గీకాలి, లేకపోతే చక్రం దానికే తట్టుకుంటుంది. జిగురు పూర్తిగా ఆరాక మీ ఇంజిన్‌తో పాటు, ఇదివరకు అక్కడ బాగా నడిచిన ఇంజిన్లను కూడా మళ్ళీ పదేసిసార్లు నడిపి చూడండి, మీ కోసం చేసిన మార్పు వాళ్ళ రైళ్ళను ఇరికించకూడదు.